మూతలక్క రిపేరు బల్ల

ఆ ఇంట్లో ఏదైనా వస్తువు కనపడకుండా పోతే వెతుకులాట అక్కర్లేదు, మెట్లు దిగితే చాలు. టీ వడగట్టే జల్లెడ పోయిందా, మెట్ల కింద ఉంటుంది. చెవి కడుక్కునే రబ్బరు బుడ్డి పోయిందా, అదీ అక్కడే. పై అంతస్తు పిల్లల రబ్బరు బంతి దొర్లుకుంటూ కిందికి వచ్చిందంటే ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. టూత్‌పేస్టు ట్యూబులో ఇంకా సగం ఉండగానే దాని మూత మాయమైన రోజున, ఆ ఇంటాయన బ్రష్షు నోట్లో పెట్టుకునే మెట్ల మీద నుంచి కిందికి కేకేశాడు.

"ఏమోయ్, కనీసం పేస్టు అయిపోయేదాకా ఆగలేవా?"

"పేస్టు కోసం ఆగితే పని ఆగిపోదూ!" అని కింద నుంచి జవాబు వచ్చింది.

జవాబిచ్చిన ఆయన భార్యను వీధంతా మూతలక్క అంటారు. యాభై ఏడేళ్లు. మూడంతస్తుల పాత ఇంటి మెట్ల కింద, మంచం పట్టేంత చోటులో, గడియారాలు బాగుచేస్తుంది. ఆ గదికి కప్పు మెట్లతోపాటే ఏటవాలుగా దిగుతుంది. ఒక మూల నిలబడొచ్చు, రెండో మూల వంగి కూర్చోవాలి. వచ్చినవాళ్లందరికీ గుమ్మం పైని దూలం ఒకసారి తల మీద మొట్టి పంపిస్తుంది. లోపల ఆమె బల్ల అంటే ఏమిటనుకున్నారు? కూరగాయలు తరిగే పీట, దాన్ని గుండె ఎత్తుకు లేపిన ఇటుకలు. పీట మీద అంచు విరిగిన తెల్ల పింగాణీ పళ్లెం. స్క్రూ పడితే అంచు దాటి దొర్లిపోదు, తెలుపు మీద నల్లపూసైనా కనిపిస్తుంది. పళ్లెం దాటి పడినా భయం లేదు, పాత దిండు గలీబు ఒకటి విప్పి ఒక చివర పీటకూ, రెండో చివర తన మెడకూ కట్టుకుంటుంది. పడ్డదల్లా ఒళ్లోకే వస్తుంది.

నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వేవాళ్లదేం పోయింది! కుట్టు సూది మొన అరగదీసి, పాత పెన్ను గొట్టంలో బిగిస్తే సన్నటి స్క్రూడ్రైవరు. అదే సూది కన్ను సగానికి విరగ్గొడితే నూనె బొట్టు పట్టే చీలిక. విప్పిన చక్రాలను టీ జల్లెడలో వేసి, జామ్ సీసాలోని పెట్రోల్‌లో ముంచి తీస్తే మురికంతా వదులుతుంది. రబ్బరు బుడ్డి నొక్కితే దుమ్ము ఎగిరిపోతుంది. బిగుసుకుపోయిన గడియారం వెనక మూత మీద రబ్బరు బంతిని అదిమి తిప్పితే, పెద్ద పెద్ద షాపులవాళ్లు చేతులెత్తేసిన మూత కూడా కిమ్మనకుండా తెరుచుకుంటుంది. ముళ్లు పీకేటప్పుడు డయలు మీద గీత పడకుండా పాల ప్యాకెట్టు ముక్క పరిచి, రెండు చిన్న చెంచాలతో రెండు పక్కలా లేపుతుంది. అద్దం మీది గీతలకు టూత్‌పేస్టు. పని మధ్యలో లేవాల్సి వస్తే గడియారం మీద గాజు గ్లాసు బోర్లిస్తుంది.

ఇదంతా పిసినారితనం అనుకునేవాళ్లకు అసలు సంగతి తెలియదు. ఇరవై ఏళ్ల వయసులో ఆమె గడియారాల ఫ్యాక్టరీలో చేరింది. పొడవాటి బల్ల, వరసగా నలభై మంది అమ్మాయిలు, కంటికి బిగించుకునే భూతద్దాలు, తెల్ల కోట్లు. పదకొండేళ్లు అక్కడే చేసింది. ఒకరోజు ఉదయం గేటుకు నోటీసు వేలాడింది. లోపలికి పిలిచి, స్టోరు గుమాస్తా జాబితా చూసుకుంటూ ఒక్కొక్కటీ లాక్కున్నాడు. పట్టకార్లు కంపెనీవి. భూతద్దం కంపెనీది. కోటు కంపెనీది.

"మరి చేతులండీ?" అని అడిగింది ఆమె.

ఆ మహానుభావుడు నిజంగానే జాబితా కింద దాకా చదివి, "చేతులు ఇందులో లేవమ్మా" అన్నాడు.

అయితే తీసుకుపోతానని, ఉన్న రెండు చేతులతో ఇంటికొచ్చింది. మర్నాడే పొరుగింటి టీచరమ్మ గడియారం ఆగింది. పనిముట్టు ఒక్కటి లేదు. వంటింట్లోకి వెళ్లి చుట్టూ చూసింది. అలా మొదలైంది. పిల్లల బొమ్మ బైనాక్యులర్స్ లోంచి అద్దం ఊడదీసి, దగ్గు మందు కొలిచే మూతలో బిగించి, కంటికి పెట్టుకుంది. ఆ భూతద్దంతోనే ఇరవై ఆరేళ్లుగా వీధివాళ్ల గడియారాలన్నీ నడిపిస్తోంది. ఏ కంపెనీ ఏ జాబితా పట్టుకొచ్చినా ఈ బల్ల మీద నుంచి ఒక్క వస్తువు తీసుకుపోలేదు. ఆ ధీమా ఆమె మాటలో ఎప్పుడూ ఉండేది.

ఆ ధీమాకే ఏడాదిన్నర కిందట బీట పడింది. ఒక ఉదయం డయలు మధ్యలో మసక చుక్క కనిపించింది. తుడిచింది, పోలేదు. అద్దం తుడిచింది. భూతద్దం తుడిచింది. ఆఖరికి కన్ను తుడుచుకుంది. పక్క ఊళ్లో ఉన్న చెల్లెల్ని తోడు తీసుకుని అక్కడి పెద్దాసుపత్రికి వెళితే, కుడి కంట్లో మధ్య చూపు పోయిందనీ, ఇక రాదనీ చెప్పారు. ఎడమ కంట్లో కూడా మొదలైందట. మూడు నెలలకోసారి వచ్చి సూది వేయించుకుంటే నెమ్మదిగా పోతుంది, లేకపోతే త్వరగా పోతుంది. ఇప్పుడు ఎడమ కంటికి భూతద్దం బిగించుకుంటే పళ్లెంలో ఉన్నది కనిపిస్తుంది. మనుషులు, గుమ్మాలు, మెట్లు కనిపిస్తాయి. చేయి చాపినంత దూరంలో చిన్న అక్షరాలు మాత్రం చీమల బారే.

ఈ సంగతి మొగుడికి చెప్పలేదు. ఆయన చెడ్డవాడై కాదు, మరీ మంచివాడై. ఆమెకు జలుబు చేస్తే చేతిలో చీపురు లాక్కుంటాడు. వేలు తెగితే వారం రోజులు కత్తి ముట్టుకోనివ్వడు. అలాంటి మనిషికి కన్ను సంగతి తెలిస్తే, మర్నాడు తెల్లారేసరికి ఈ పీటా పళ్లెమూ మూట కట్టి అటక మీద పెట్టేస్తాడు. ఆమెను హాల్లో కూర్చోబెట్టి కంటికి రెప్పలా చూసుకుంటాడు. ఆ చూసుకోవడమే ఆమెకు భయం. బల్ల పోతే తనేం చేయాలో ఆమెకు తెలియదు. అందుకే మూడు నెలలకోసారి రెండు రోజులు "చెల్లెలింటికి" వెళ్లి వచ్చేది.

మూతల పిచ్చి అప్పుడే ముదిరింది. కంటి పని వేళ్లకు అప్పగించాలి కదా. మందు సీసాలూ, క్రీము డబ్బాలూ, ఏది ఏమిటో తడిమితే తెలియాలి. గరుకు అంచు షాంపూ మూత కింద పెద్ద స్క్రూలు. రబ్బరు బ్యాండు ఒక చుట్టు ఉన్నదాంట్లో వాటికన్నా చిన్నవి, రెండు చుట్లున్నదాంట్లో ఇంకా చిన్నవి. అలా స్క్రూలకే పదకొండు డబ్బాలు. బొత్తాం అతికించిన దాంట్లో ముళ్లు, అగ్గిపుల్ల అతికించిన దాంట్లో కీ తిప్పే బొడిపెలు. విప్పిన గడియారం ముక్కలకు, వారం రోజుల మాత్రలు పెట్టుకునే ఏడు గళ్ల డబ్బా. మొదట విప్పింది సోమవారం గడిలో, చివర విప్పింది ఆదివారం గడిలో. బిగించేటప్పుడు ఆదివారం నుంచి వెనక్కి రావాలి. ఏడాది తిరిగేసరికి, పళ్లెం మీది పని తప్ప మిగతాదంతా కళ్లు మూసుకుని చేసేది. యాభై ఆరేళ్ల వయసులో, ఎవరికీ చెప్పకుండా, ఎవరూ నేర్పకుండా! చూసినవాళ్లు మాత్రం "మూతలక్కకు చాదస్తం ముదిరింది" అని తేల్చేశారు.

ఒక బుధవారం మధ్యాహ్నం టెలిఫోన్ ఆపరేటరు వచ్చాడు. ఓ పెద్ద ఆఫీసులో ఉద్యోగం, నలభై ఏళ్లుంటాయి, పుట్టుకతోనే చూపు లేదు. కళ్లున్న వాళ్లందరి తలనూ మొట్టే ఆ దూలం అతన్నేమీ చేయలేకపోయింది. చేయి ముందు వెళ్లింది, తల తర్వాత వంగింది.

"అమ్మా, ఈ గడియారానికి అద్దం తలుపులా తెరుచుకుంటుంది. ముళ్లు తడిమి టైము చూసుకుంటా. ఇప్పుడు వేలు తగిలితే చాలు, ముళ్లు జారిపోతున్నాయి. కీ కూడా తిరగట్లేదు. నలుగురికి చూపించా. అయ్యేది కాదన్నారు."

"మరి ఏం చెయ్యమన్నారు నాయనా?"

"మాట్లాడే గడియారం పెట్టుకోమన్నారు. ఆఫీసువాళ్లే కొనిచ్చారు కూడా, చూడండి."

మణికట్టు మీద బొత్తాం నొక్కాడు. "సమయం రెండు గంటల పది నిమిషాలు" అని ఓ ఆడగొంతు గదంతా అదిరేలా అరిచింది. మూతలక్క చేతిలోని చెంచా ఎగిరి ఒళ్లో పడింది.

"విన్నారుగా? మీటింగులో నొక్కితే అందరూ నావైపు తిరుగుతారు. ఎవరింటికైనా భోజనానికి వెళ్లి నొక్కితే, వీడికెప్పుడు పోదామా అని ఉంది కాబోలు అనుకుంటారు. టైము చూసుకోవడమంటే ఎవరికీ తెలియకుండా చూసుకునే పనమ్మా. అందరూ అలాగే చూసుకుంటారట. నాకొక్కడికీ దండోరా ఎందుకు?"

మూతలక్క పకపకా నవ్వింది. నవ్వి, ఆ గడియారాన్ని తీసుకుని పళ్లెంలో పెట్టి వెనక మూత తెరిచింది. నీళ్లు దిగి తుప్పు పట్టింది. కీ బొడిపె లోపలి కడ్డీ విరిగింది. ముళ్ల కింద గొట్టం వదులైంది. కష్టమే కానీ కానిపని కాదు.

"ఎల్లుండి కాదు, పై శుక్రవారం రా. నీ టైము నీకిచ్చేస్తా."

అతని మొహం వెలిగిపోయింది. లేవబోతూ గోడను పట్టుకోబోతే చేయి గోడ అరలోని డబ్బాలకు తగిలింది. ఒక మూత తడిమాడు. పక్కది తడిమాడు. బొత్తాం, అగ్గిపుల్ల, రబ్బరు బ్యాండు ఒక చుట్టు, రెండు చుట్లు. అతని వేళ్లు ఆగిపోయాయి. గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీకెంత కనిపిస్తుంది?"

ఆమె గబుక్కున తలెత్తింది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి? మా ఇంట్లో పప్పుల డబ్బాలు ఇలాగే ఉంటాయి."

"మా ఆయనకు తెలియదు" అంది, గుమ్మం వైపు చూస్తూ. "తెలిస్తే ఈ బల్ల ఉండదు."

"నేనేమీ చూడలేదమ్మా" అన్నాడు ఆపరేటరు. ఆ మాట అనడానికి అంతకన్నా అర్హుడు ఎవరున్నారు! ఇద్దరూ నవ్వుకున్నారు. ఏడాదిన్నర తర్వాత ఒకరితో ఆ సంగతి మాట్లాడినందుకు మూతలక్కకు ఆ పూటంతా గుండె బరువు దిగినట్టు ఉంది.

ఆ వారమే శుక్రవారం, శనివారం కూర్చుని గడియారమంతా విప్పి, కడిగి, ముక్కలన్నీ ఏడు గళ్ల డబ్బాలో వరసగా పెట్టింది. కొత్త కడ్డీ అరగదీసి సిద్ధం చేసింది. ఇక బిగించడమే మిగిలింది. ఆదివారం సాయంత్రం చెల్లెలింటికని బయలుదేరింది. సోమవారం ఎడమ కంటికి సూది.

ఇప్పుడు ఆయన గురించి చెప్పాలి. ముప్పై రెండేళ్లు ఒక ఆఫీసు రికార్డు రూములో పనిచేసి రిటైరయ్యాడు. ఏ కాగితం ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడట. చీటీ లేని వస్తువంటే ఆయనకు ఒంటి మీద చొక్కా లేనట్టు. వంటింట్లో ఉప్పు డబ్బా మీద "ఉప్పు" అనీ, చక్కెర డబ్బా మీద "చక్కెర" అనీ రాశాడు సరే, ఖాళీ డబ్బా మీద "ఖాళీ" అని కూడా రాశాడు. ఇక ఆ రాత చూడాలి, ముత్యాల కోవే! రిజిస్టరు గళ్లలో ఇరుకుగా రాసీ రాసీ ఆవగింజంత అక్షరాలు అలవాటయ్యాయి.

పెళ్లాం ఇంత పనిమంతురాలై ఉండి, చెత్త డబ్బాల మధ్య కూర్చుంటుంటే వీధివాళ్లు నవ్వడం ఆయనకు ఎన్నాళ్లుగానో ముల్లులా గుచ్చుకుంటోంది. ఆమె బస్సెక్కగానే ఆయన బజారుకెళ్లాడు. డెబ్బై రెండు సొరుగులున్న ప్లాస్టిక్ బీరువా ఒకటి మోయించుకొచ్చాడు. రెండు రోజులు అన్నం మానేసి పనిచేశాడనే చెప్పాలి. సీసాలోని సరుకు సొరుగులోకి, సొరుగు మీద చీటీ, చీటీ మీద ముత్యాలు. ఆపరేటరు గడియారం ముక్కల వరస మాత్రం పోనివ్వలేదు. అంత తెలివితక్కువవాడేం కాదు. ఏడు గళ్లలోవి ఏడు సొరుగుల్లో అదే వరసలో, సోమవారం నుంచి ఆదివారం దాకా చీటీలు అంటించి మరీ పెట్టాడు. ఆమె భూతద్దం తప్ప మిగిలిన మూతలూ సీసాలూ డబ్బాలూ మూట కట్టి చెత్త బండి వాడికిచ్చేశాడు.

మంగళవారం సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చేయి పట్టుకుని మెట్ల కిందికి తీసుకెళ్లి, లైటు వేశాడు.

"ఎలా ఉంది?"

మూతలక్క చూసింది. గోడంతా ఒకే తెల్లదనం. ఒకే కొలత, ఒకే నునుపు, వరస తర్వాత వరస. గోడ అరలో ఒక్క మూత లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

"నోట మాట రావట్లేదు కదూ!" అన్నాడాయన మురిసిపోతూ. "ఇంకో సంగతి. స్క్రూల డబ్బాలు పదకొండు పెట్టుకున్నావు. అన్నీ ఒకేలా ఉన్నాయి. అన్నీ కలిపి ఒకే సొరుగులో పోసేశా. ఎంత చోటు కలిసొచ్చిందో తెలుసా?"

ఇరవై ఆరేళ్లుగా వేరు చేసి పెట్టుకున్న స్క్రూలు. వెంట్రుక వాసి తేడాలతో వేరయిన స్క్రూలు. మూతలక్క గోడ పట్టుకుని, "బ్రహ్మాండంగా ఉందండీ" అంది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మరేం అనగలదు చెప్పండి?

బుధవారం, గురువారం ఆమె పడ్డ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. ముక్కు సొరుగుకు ఆనించి, భూతద్దంతో ఒక్కో చీటీ చదివితే ఆ పని కాకపోదు. కానీ ఆయన కదిలితేగా! తన బీరువాను ఆమె వాడుతుంటే చూడాలని స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు.

"టీ పెట్టుకురాకూడదూ?" అంది. పెట్టుకొచ్చాడు. ఆ కాస్త సేపట్లో నాలుగు చీటీలు చదివింది. గంటకోసారి టీ అడిగింది. కడుపు ఉబ్బింది తప్ప "ఆదివారం" సొరుగు దొరకలేదు. ఆయన ఎదురుగా తెలిసినట్టే చేయి చాపి ఒక సొరుగు లాగితే అందులో గడియారం పట్టీలున్నాయి.

"పట్టీలెందుకు తీశావు?"

"ఊరికే. ఎంత చక్కగా సర్దారా అని చూస్తున్నా."

ఆయన ఇంకాస్త మురిసిపోయాడు. ఆమెకు మాత్రం లోపల ఏడుపు. ఇంత ప్రేమగా తన బల్లను తనకు కాకుండా చేసిన మనిషి మీద కోపం కూడా సరిగ్గా రావట్లేదు.

శుక్రవారం నాలుగింటికి ఆపరేటరు వచ్చాడు. ఆయన ఎదురెళ్లి, అతని చేయి పట్టుకుని బీరువా మీద పెట్టాడు. "చూడండి సార్, డెబ్బై రెండు సొరుగులు. అంతా మా ఆవిడ కోసమే."

ఆపరేటరు వేళ్లు ఒక వరస చివరి దాకా వెళ్లాయి. రెండో వరసలోకి దిగాయి. అతని మొహంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"బాగుందండీ. చాలా నున్నగా ఉంది" అని, ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, పని కాకపోతే ఫర్వాలేదు. సామాను దొరకలేదేమో. ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యండి, తీసుకుపోతా."

తప్పించుకునే దారి అతనే చూపిస్తున్నాడు. అవును నాయనా, సామాను దొరకలేదు అంటే చాలు. గుట్టు గుట్టుగానే ఉంటుంది, బల్ల బల్లగానే ఉంటుంది. ఆ మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఈ సొరుగులు ఇలాగే ఉంటే బల్ల ఎన్నాళ్లుంటుంది? ఇవాళ ఇతనికి అబద్ధం చెబితే, రేపు వచ్చేవాడికి చెప్పాలి, ఎల్లుండి వచ్చేవాడికి చెప్పాలి. అసలు తను మాట ఇచ్చింది ఇతనికి. ఇంతలో బస్సు వేళ చూసుకోవడానికి ఆపరేటరు మణికట్టు నొక్కాడు. "సమయం నాలుగు గంటల ఇరవై నిమిషాలు" అని ఆ ఆడగొంతు అరిచింది. అతను సిగ్గుపడి చేయి వెనక్కి దాచుకున్నాడు. అది చూసి ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఏమండీ, ఆ చీటీలు నాకు కనపడవు."

"లైటు వెయ్యనా?"

"లైటుతో పోయేది కాదండీ. కుడి కన్ను పోయింది. ఎడమదీ సగం పోయింది. ఏడాదిన్నరయింది."

ఆయన తను రాసిన చీటీల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"చెల్లెలింటికని వెళ్లేదానివి..."

"ఆస్పత్రికి."

"ఆరుసార్లు వెళ్లావు!"

"ఆరుసార్లూ ఆస్పత్రికే."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నాకు చెప్పలేదేం? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"పరాయివాళ్లయితే చెప్పేదాన్నే. పరాయివాళ్లు బల్ల మోసుకుపోరు. మీ అక్కయ్య కుట్టు మిషను ఎవరు మోసుకుపోయారండీ?"

రెండు వీధుల అవతల కొడుకు దగ్గర ఉంటుంది ఆయన అక్క. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. చక్కెర జబ్బుతో రెండు కళ్లూ పోయిన నెలలోనే, మిషనును ఈయనే స్వయంగా భుజాన వేసుకుని తీసుకుపోయి అమ్మేశాడు. చేయి కుట్టుకుంటుందని భయం. అప్పటి నుంచి ఆమె హాల్లో కుర్చీలో ఉంటుంది. మంచినీళ్లు కూడా ఎవరో ఒకరు చేతికి అందిస్తారు.

"చెయ్యి కుట్టుకుంటుందని కదా నేను..." అన్నాడాయన.

"అవును. ఆరేళ్లయింది. చెయ్యీ కుట్టుకోలేదు, ఇంకేమీ కుట్టలేదు. వెళ్లినప్పుడల్లా వదిన చేతులు చూస్తుంటాను. చీర అంచో, తువాలు అంచో ఊరికే మడుస్తూ విప్పుతూ ఉంటుంది. నాకు ఆ కుర్చీ అంటే భయమండీ."

ఆపరేటరు కర్ర అందుకుని, "నేను కాసేపు బయటుంటా" అన్నాడు.

"ఉండవయ్యా, ఎక్కడికి పోతావు!" అని కసిరాడాయన. అప్పటిదాకా సార్ అన్నవాడు కాస్తా ఏకవచనంలోకి దిగిపోయాడు. ఆ కోపం ఎవరి మీదో ఆయనకే తెలియదు. మళ్లీ ఆమె మీదికి తిరిగాడు. "రేపు ఆ ఎడమ కన్ను కూడా పోతే? ఈ సూదులేంటి, ఈ పెట్రోలేంటి, అప్పుడేం చేస్తావు?"

"ఏం చేయగలనో అప్పుడు చూద్దాం. ఇప్పుడు మాత్రం ఆదివారం సొరుగు ఎక్కడుందో చెప్పండి. ఈయన ఆరున్నర బస్సైనా అందుకోవాలి."

ఆమె చేయి చాపి అలాగే పట్టుకుని ఉంది. ఆఖరికి ఆయన లేచి, మూడో వరసలోంచి ఒక సొరుగు లాగి, ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆ తర్వాత గంటన్నర సేపు ఆ గదిలో పని జరిగింది. పెళ్లయిన ముప్పై మూడేళ్లలో పెళ్లాం పనిచేస్తుంటే ఆయన నిజంగా చూసింది అప్పుడే. ఆదివారం ముక్కలు పళ్లెంలో పడ్డాయి. ఎడమ కంటికి దగ్గు మందు మూత. అగ్గిపుల్ల కొనకు అంటిన మైనంతో చక్రం ఇరుసు తిరిగే, నువ్వు గింజలో సగం ఉన్న ఎర్ర రాయిని లేపి దాని గుంటలో కూర్చోబెట్టింది. చక్రాన్ని పెట్టి, వేలి కొనతో అలా తాకి, సరిగ్గా కూర్చోలేదని కంటికన్నా ముందే తెలుసుకుని తీసి మళ్లీ పెట్టింది. శనివారం. శుక్రవారం. అడిగిన సొరుగు అడిగిన క్షణంలో ఆయన అందిస్తున్నాడు. బుధవారానికి వచ్చేసరికి ఆయనే కళ్లు మూసుకుని, తను కలిపేసిన కుప్పలోంచి ఒక స్క్రూ తీసి వేళ్ల మధ్య నలిపి, "ఇది పెద్దదే కదూ?" అని అడిగాడు. ఆపరేటరు తన వేళ్లతో చూసి కాదన్నాడు. ఇంకోటి. ఇంకోటి. మూడుసార్లు తప్పు చెప్పిన ఆయన నాలుగోసారి ఠక్కున చెప్పాడు.

"మాస్టారూ, కళ్లు తెరిచారు" అన్నాడు ఆపరేటరు.

"నీకెలా తెలిసిందయ్యా?"

"ఉన్నట్టుండి తెలివి పెరిగిందిగా!"

ఆయన తల వంచుకున్నాడు. మూతలక్క నవ్వు ఆపుకోవడానికి చేతిలో పని ఒక నిమిషం ఆపాల్సి వచ్చింది.

ముళ్లను పెన్ను రీఫిలు గొట్టంతో అదిమి బిగించాక కీ ఇచ్చి, గడియారాన్ని ఆపరేటరు అరచేతిలో పెట్టింది. అతను మాట్లాడే గడియారం విప్పి జేబులో పడేశాడు. దీన్ని కట్టుకున్నాడు. అద్దం తలుపు తెరిచి, ముళ్ల మీద వేలు పెట్టాడు. జారలేదు. టైము ఎంతయిందని ఆయన అడగబోతే మూతలక్క సైగ చేసి ఆపింది. ఆ టైము అతనిది. అద్దం మూసి, ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుని, వచ్చినట్టే చేయి ముందు పెట్టి దూలం కింద నుంచి వంగి వెళ్లిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆయన గోరుతో ఒక చీటీ గీకాడు. అది అంత తేలిగ్గా వస్తుందా, ఆయన అంటించింది! గీకి గీకి ఊడదీసి, తన చొక్కా బొత్తాం ఒకటి పుటుక్కున తెంపి ఆ సొరుగు మీద పెట్టి చూశాడు.

"ఇది ముళ్లకేగా?"

"ముళ్లకే. చొక్కా కొత్తదండీ!"

"ఉండనీ. వచ్చేసారి ఆస్పత్రికి నేనూ వస్తున్నా. చెల్లెలూ లేదు, గిల్లెలూ లేదు." అని, స్క్రూల సొరుగు బయటికి లాగాడు. పదకొండు డబ్బాల స్క్రూలు కుప్పగా ఉన్నాయి. "దీన్నేం చేద్దాం?"

"వేళ్లతో ఏరుకోవాలి. నాకొక్కదానికి రెండు నెలలు పడుతుంది."

ఆయన ఆ కుప్పలో వేళ్లు పెట్టి కెలుకుతూ కూర్చున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి పళ్లెం పక్కన ఉంచాడు. అవతల మేనల్లుడు ఎత్తి, అమ్మ చెవి దగ్గర పెట్టాడు.

"అక్కా, నేను... నేనే. నీతో కొంచెం పనుంది."

"ఎవరితో?" అంది అవతలి గొంతు.

"నీతోనే అక్కా. స్క్రూలు వేరు చెయ్యాలి. చిన్నవి, పెద్దవి, మధ్యవి. అన్నీ నేనే కలిపేశాను. కళ్లతో అయ్యే పని కాదు. నీ చేతులయితే..."

ఆయన గాభరాగా పెళ్లాం వైపు చూశాడు. మూతలక్కకు అప్పటికే ఏడుపు ముంచుకొచ్చి దిండు గలీబుతో మొహం తుడుచుకుంటోంది.

"అక్కా, వింటున్నావా? ఎప్పుడు వీలవుతుందో చెప్పు. రేపు పొద్దున వచ్చి తీసుకెళ్లనా?"

"రేపా? రేపటిదాకా ఎందుకురా!" అంది అక్క. వెనక నుంచి మేనల్లుడి గొంతు "అమ్మా, నువ్వు కూర్చో, చెప్పులు నేను తెస్తాను" అని కంగారుగా వినిపించింది. ఆమె అతన్ని కసిరింది. ఆ తర్వాత ఫోన్లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, చెప్పుల కోసం కాళ్లతో నేల మీద వెతుకుతున్న చప్పుడు చాలాసేపు వినిపించాయి.